అమెరికాలో ఇంజనీరింగ్ ఎంఎస్, పీహెచ్‌డీ: ఫండింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక ఆఫీసులో ఒక దరఖాస్తు పెడితే వచ్చేది కాదు ఫండింగ్. అమెరికన్ యూనివర్సిటీల్లో ఈ డబ్బు వేర్వేరు జేబుల్లోంచి వస్తుంది: ప్రొఫెసర్ గ్రాంటు, డిపార్ట్‌మెంటు బోధన బడ్జెట్, యూనివర్సిటీ ఫెలోషిప్ నిధి, బయటి సంస్థలు. ఒక్కో జేబు ఒక్కో నెలలో తెరుచుకుంటుంది, ఒక్కొక్కరి చేతిలో ఉంటుంది. ఆ డబ్బు ఎవరిది, వాళ్లకు మీతో ఏం పని అన్నది తెలిస్తే సగం దారి తెలిసినట్టే. ఎక్కువగా ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై వెళ్లేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాం.

ఆర్‌ఏ, టీఏ, జీఏ, ఫెలోషిప్: వీటిలో తేడా ఏమిటి?

ఆర్‌ఏ అంటే రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్. ప్రొఫెసర్ తెచ్చుకున్న గ్రాంటులోంచి జీతం ఇస్తారు, ఆ గ్రాంటులో రాసిన పనే మీరు చేయాలి. చాలాసార్లు ఆ పనే మీ థీసిస్ అవుతుంది కాబట్టి ఇంజనీరింగ్ విద్యార్థికి ఇంతకంటే మంచిది లేదు.

టీఏ అంటే టీచింగ్ అసిస్టెంట్‌షిప్. డబ్బు డిపార్ట్‌మెంటుది. ల్యాబ్ సెక్షన్ నడపడం, హోంవర్క్ దిద్దడం, విద్యార్థుల సందేహాలు తీర్చడం మీ పని. మీ పరిశోధనకు టైం మీరే మిగుల్చుకోవాలి.

జీఏ అంటే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్, యూనివర్సిటీలో బోధనకూ పరిశోధనకూ సంబంధం లేని ఉద్యోగం: ఐటీ విభాగం, లైబ్రరీ, హాస్టల్ నిర్వహణ, ఇంజనీరింగ్ కాలేజీ వెబ్‌సైట్ పని వంటివి. వీటి గురించి అడిగేవాళ్లు తక్కువ. ఎంఎస్ విద్యార్థులకు దొరికే అవకాశం మాత్రం వీటిలోనే బాగా ఉంది.

ఫెలోషిప్‌కు బదులుగా పని చేయనక్కర్లేదు. చదువుకోండి, పరిశోధన చేసుకోండి అని ఇచ్చే డబ్బు అది. దీని పన్ను లెక్క కూడా వేరు. ఆ సంగతి కింద చెప్పాం.

ఎంఎస్‌కి ఫండింగ్ వస్తుందా, పీహెచ్‌డీకేనా?

ఇంజనీరింగ్ పీహెచ్‌డీకి ట్యూషన్, స్టైపెండ్, ఇన్సూరెన్స్ కలిపి ఇవ్వడం మామూలే. పేరున్న యూనివర్సిటీ పీహెచ్‌డీ అడ్మిట్ ఇచ్చి డబ్బు గురించి ఒక్క ముక్క కూడా రాయలేదంటే ఆగి ఆలోచించాలి.

ఎంఎస్ లెక్క తలకిందులు. యూనివర్సిటీలకు ఎంఎస్ ఫీజులు ఆదాయం. చేరేముందే పూర్తి ఫండింగ్ రావడం అరుదు. వస్తే థీసిస్ ఉన్న ఎంఎస్‌కి, అదీ చిన్న డిపార్ట్‌మెంట్లలో, కంప్యూటర్ సైన్స్ కంటే సివిల్, మెకానికల్, మెటీరియల్స్, అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ వంటి చోట్ల వస్తుంది. అక్కడ పోటీ తక్కువ, చేతులకు మట్టి అంటుకునే పని ఎక్కువ. కోర్సులతోనే ముగిసే ఎంఎస్‌కీ, మాస్టర్ ఆఫ్ ఇంజనీరింగ్ (ఎం.ఇంజ్) అనే ప్రొఫెషనల్ డిగ్రీకీ చాలాచోట్ల అసిస్టెంట్‌షిప్ ఇవ్వరు. కొన్నిచోట్ల నిబంధనల్లోనే ఆ మాట రాసి ఉంటుంది. దరఖాస్తు ఫీజు కట్టేముందే డిపార్ట్‌మెంట్ హ్యాండ్‌బుక్ తీసి ఆ ప్రోగ్రాం విద్యార్థులకు అసిస్టెంట్‌షిప్ అర్హత ఉందో లేదో చూడండి.

ఎంఎస్‌కి మేం చెప్పేది ఒకటే: మొదటి ఏడాది ఖర్చంతా చేతిలో ఉంటేనే బయలుదేరండి. రెండో సెమిస్టర్ నుంచి ఏదైనా దొరికితే అది కలిసొచ్చినట్టు. "వెళ్లాక ఎలాగోలా దొరుకుతుంది" అనుకుని వెళ్లినవాళ్లు మొదటి సెమిస్టర్‌లో చదువు మీద కాక ఫీజు మీద దృష్టి పెడతారు. మార్కులు పడిపోతాయి, మార్కులు పడిపోయాక అసిస్టెంట్‌షిప్ అసలే రాదు.

ఆర్‌ఏ ఇవ్వడానికి ప్రొఫెసర్లు అంతగా ఎందుకు వెనకాడతారు?

ఒక విద్యార్థి మీద ప్రొఫెసర్‌కు ఎంత పడుతుందో లెక్క వేస్తే తెలుస్తుంది. అంకెలు ఉదాహరణకు మాత్రమే. స్టైపెండ్ ఏడాదికి 32,000 డాలర్లు, ఆరోగ్య బీమా 4,000, ట్యూషన్ 20,000 అనుకుందాం. ఇవి కాక యూనివర్సిటీ తన భవనాలకూ కరెంటుకూ ఆఫీసులకూ ఓవర్‌హెడ్ పట్టుకుంటుంది. ఫెడరల్ గ్రాంట్లలో ట్యూషన్ మీద ఓవర్‌హెడ్ పడదు, స్టైపెండ్, బీమా మీద పడుతుంది. రేటు 55 శాతం అయితే 36,000 మీద 19,800. మొత్తం 75,800 డాలర్లు.

మూడేళ్లకు 3 లక్షల డాలర్ల గ్రాంటు వచ్చిందనుకోండి, ఏడాదికి లక్ష. ఒక్క విద్యార్థికే ముప్పావు వంతు పోతుంది. మిగిలినదాంట్లో పరికరాలు, ప్రయాణాలు, ప్రొఫెసర్ వేసవి జీతం. అందుకే ఆయన మిమ్మల్ని చూసేటప్పుడు "ఈ మనిషి నా గ్రాంటు రిపోర్టులో రాసుకునే ఫలితం తెస్తాడా" అని చూస్తారు. ఎంఎస్ విద్యార్థి ల్యాబ్ పని నేర్చుకునేసరికి ఏడాది అవుతుంది, ఇంకో ఏడాదిలో వెళ్లిపోతాడు. పీహెచ్‌డీ విద్యార్థి నాలుగైదేళ్లు ఉంటాడు. ప్రొఫెసర్ స్థానంలో ఉంటే మీరు ఎవరిని తీసుకుంటారు?

ఈ లెక్కలోనే ఎంఎస్ వాళ్లకు ఒక దారి కూడా ఉంది. ఆ ల్యాబ్ వాడే సాఫ్ట్‌వేర్ పనిముట్లు మీకు ముందే వస్తే ఆ నేర్చుకునే ఏడాది మిగులుతుంది. అన్సిస్, అబాకస్, ఓపెన్‌ఫోమ్, కేడెన్స్, ఆర్‌ఓఎస్, ఎల్‌ఏఎమ్‌ఎమ్‌పీఎస్: ఆ ల్యాబ్ పేపర్లలో ఏది కనబడితే అది. "మెషీన్ లెర్నింగ్ తెలుసు" అన్న మాట ఈ విషయంలో ఎందుకూ పనికిరాదు, అందరూ అదే రాస్తారు.

ఏ ప్రొఫెసర్ దగ్గర డబ్బుందో ఎలా తెలుసుకోవాలి?

నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చిన ప్రతి గ్రాంటూ ఎన్ఎస్ఎఫ్ అవార్డ్ సెర్చ్‌లో ఎవరైనా చూడొచ్చు. ప్రొఫెసర్ పేరు కొడితే గ్రాంటు పేరు, మొత్తం, మొదలైన తేదీ, ముగిసే తేదీ, ఏం చేస్తామని రాశారో అన్నీ వస్తాయి. మీరు చూడాల్సింది తేదీలు. ఈ మధ్యే మొదలై ఇంకా మూడేళ్లున్న గ్రాంటైతే మనుషులు కావాలి. ఆరు నెలల్లో ముగిసేదైతే ఆయన ఉన్న విద్యార్థులకే డబ్బు వెతుక్కుంటున్నారని అర్థం. ఎన్ఎస్ఎఫ్ కొత్త ప్రొఫెసర్లకు ఇచ్చే కెరీర్ అవార్డు వచ్చిన అసిస్టెంట్ ప్రొఫెసర్ కనబడితే ప్రత్యేకంగా రాసుకోండి: అది ఐదేళ్ల గ్రాంటు.

కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లకు యూనివర్సిటీ స్టార్టప్ నిధి ఇస్తుంది. ల్యాబ్ ఖాళీగా ఉంటుంది, టెన్యూర్ (శాశ్వత ఉద్యోగం) గడియారం నడుస్తుంటుంది, వాళ్లకు విద్యార్థులు అత్యవసరం. పేరున్న సీనియర్ ప్రొఫెసర్‌కు రోజూ వచ్చే మెయిళ్లలో మీదొకటి. ఇక్కడ మాత్రం మీ మెయిల్‌ను చివరి వరకూ చదువుతారు.

ఏరోస్పేస్, సెమీకండక్టర్, కొన్ని రక్షణ ప్రాజెక్టుల దగ్గర ఒక అడ్డంకి ఉంది. ఐటార్ వంటి ఎగుమతి నియంత్రణ చట్టాల కింద ఉన్న పనిలో విదేశీ విద్యార్థిని పెట్టుకోవడం మామూలుగా కుదరదు. దీనికీ మీ ప్రతిభకూ సంబంధం లేదు. ప్రచురించడానికి అభ్యంతరం లేని మౌలిక పరిశోధనకు సాధారణంగా ఈ ఇబ్బంది రాదు. రక్షణ శాఖ డబ్బు అనగానే వదిలేయకండి, ప్రొఫెసర్‌నే అడగండి.

ప్రొఫెసర్‌కు మెయిల్ ఎలా రాయాలి?

పొట్టిగా. ఫోన్‌లో ఒక్కసారి వేలితో జరిపితే అయిపోవాలి. సబ్జెక్ట్ లైన్‌లో ఏ డిగ్రీకి, ఏ సెమిస్టర్‌కి (ఆగస్టులో మొదలయ్యేది ఫాల్, జనవరిలో మొదలయ్యేది స్ప్రింగ్), ఏ అంశం అనేవి ఉండాలి: "ఫాల్ పీహెచ్‌డీ అభ్యర్థి, లిథియం బ్యాటరీల్లో వేడి నియంత్రణ" అన్నట్టు. మొదటి రెండు వాక్యాల్లో ఆయన ఇటీవలి పేపరు ఒకటి చెప్పి, అందులో మీకు తట్టిన ప్రశ్న రాయండి. పొగడ్త వద్దు, ప్రశ్న కావాలి. తర్వాతి రెండు వాక్యాల్లో మీరు చేసిన పని, అంకెలతో. "సీఎఫ్‌డీ ప్రాజెక్టు చేశాను" అంటే ఏమీ తెలియదు. "12 లక్షల సెల్స్ మెష్‌తో 18 సెల్స్ బ్యాటరీ ప్యాక్‌ను మోడల్ చేశాను, కొలిచిన ఉష్ణోగ్రతకు 2 డిగ్రీల తేడాలో వచ్చింది" అంటే పని చేసిన మనిషని తెలుస్తుంది. చివర్లో ఒక్క ప్రశ్న: వచ్చే ఫాల్‌కి విద్యార్థులను తీసుకుంటున్నారా? ఒక పేజీ సీవీ పీడీఎఫ్‌గా జతచేయండి.

మొదటి మెయిల్‌లోనే డబ్బు అడగొద్దు. పీహెచ్‌డీ విద్యార్థిని తీసుకుంటున్నారంటే డబ్బు సంగతి అందులోనే ఉంది. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి, ఆపై వదిలేయండి. ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఎనిమిది మందికి ఒకే మెయిల్ పంపితే వాళ్లు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ మాట చెప్పుకుంటారు.

టీఏ ఎవరు ఇస్తారు? విదేశీ విద్యార్థులకు దొరుకుతుందా?

గ్రాడ్యుయేట్ ప్రోగ్రాం కోఆర్డినేటర్ దగ్గర జాబితా తయారవుతుంది, గ్రాడ్యుయేట్ డైరెక్టర్ ఖరారు చేస్తారు. పీహెచ్‌డీ వాళ్లకు పంచాక మిగిలినవి ఎంఎస్ వాళ్లకు వస్తాయి. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లకు చాలా యూనివర్సిటీలు మాట్లాడే నైపుణ్యాన్ని విడిగా చూస్తాయి. అడ్మిషన్‌కు మొత్తం స్కోరు సరిపోయినా టీఏకి స్పీకింగ్ సెక్షన్‌లో కనీస స్కోరు వేరే ఉంటుంది. అది తక్కువైతే క్యాంపస్‌లో మౌఖిక పరీక్ష రాయాలి. పరీక్ష రాసేటప్పుడే ఈ సంగతి గుర్తుంటే మేలు.

చివరి నిమిషంలో ఖాళీలు వస్తాయి. సెమిస్టర్ మొదలైన మొదటి వారంలో ఎవరో ఆర్‌ఏ దొరికి టీఏ వదిలేస్తారు, ఒక సెక్షన్‌లో అనుకున్నదానికంటే విద్యార్థులు పెరుగుతారు. ఆ వారంలో కోఆర్డినేటర్‌కు మీ పేరు, మీరు చెప్పగల మూడు కోర్సుల నంబర్లు, ఆ కోర్సుల్లో మీ గ్రేడ్లు తెలిసుంటే చాలు.

ఎప్పుడు అప్లై చేయాలి? ఏప్రిల్ 15 అంటే ఏమిటి?

పెద్ద యూనివర్సిటీల్లో ఫాల్ పీహెచ్‌డీ గడువులు ఎక్కువగా డిసెంబర్ మొదటి, రెండో వారాల్లో ఉంటాయి. తర్వాత కూడా దరఖాస్తులు తీసుకునేవి ఉన్నాయి, కానీ ఫెలోషిప్ పరిశీలన గడువు వేరే ఉండి ముందే ముగుస్తుంది. ఫండింగ్ కావాలనుకునేవాళ్లకు అసలు గడువు అదే. స్ప్రింగ్ ప్రవేశానికి డబ్బు తక్కువ: బడ్జెట్ ఏడాది ఫాల్‌తో మొదలవుతుంది.

కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ వాళ్ల ఒప్పందం ఒకటుంది. దానిపై సంతకం చేసిన యూనివర్సిటీలు ఆర్థిక సహాయంతో కూడిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. ఇది ఫండింగ్ ఉన్న ఆఫర్లకే వర్తిస్తుంది, ఉత్త అడ్మిట్‌కు కాదు. మార్చిలోనే చెప్పమంటే, మీ యూనివర్సిటీ సంతకం చేసిన జాబితాలో ఉంది కదా అని మర్యాదగా అడగొచ్చు. అదే సమయంలో మీకు అక్కర్లేని ఆఫర్‌ను పట్టుకుని కూర్చోకండి. మీరు వదిలిన రోజే వెయిట్‌లిస్ట్‌లో ఉన్న ఇంకొకరికి అది వెళుతుంది.

బయటి ఫెలోషిప్పుల్లో మనకు అర్హత ఉన్నవి ఏవి?

ముందు లేనివి చెబుతాం, టైం వృథా కాకుండా. ఎన్ఎస్ఎఫ్ గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఫెలోషిప్ ఏడాదికి 37,000 డాలర్ల స్టైపెండ్‌తో మూడేళ్లు ఇస్తుంది, కానీ అమెరికా పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. హెర్ట్జ్ ఫెలోషిప్, ఇంధన శాఖ కంప్యుటేషనల్ సైన్స్ ఫెలోషిప్ కూడా అంతే. రక్షణ శాఖ ఇచ్చే ఎన్‌డీసెగ్‌కు గ్రీన్ కార్డు కూడా చాలదు. మీకు గ్రీన్ కార్డు ఉంటే మొదటి మూడూ తప్పకుండా చూడండి.

ఎఫ్-1 వాళ్లకు దక్కేవి ప్రధానంగా యూనివర్సిటీ సొంత ఫెలోషిప్పులు. వీటిలో చాలావాటికి విడిగా దరఖాస్తు ఉండదు, అడ్మిషన్ కమిటీయే పేర్లు పంపుతుంది. స్టాన్‌ఫర్డ్‌లోని నైట్-హెనెసీ స్కాలర్స్‌కు ఏ దేశం వాళ్లైనా అర్హులే, మూడేళ్ల వరకు డబ్బు ఇస్తారు. దానికీ డిపార్ట్‌మెంట్‌కూ వేర్వేరుగా అప్లై చేయాలి, రెండింట్లోనూ ఎంపిక కావాలి. పెద్ద టెక్ కంపెనీల పీహెచ్‌డీ ఫెలోషిప్పులకు చాలావరకు యూనివర్సిటీయే నామినేట్ చేయాలి, రెండో మూడో ఏడాది నుంచి ఆలోచించాల్సినవి. ప్రభుత్వ ఎక్స్చేంజ్ నిధులతో జే-1 (ఎక్స్చేంజ్ విజిటర్) వీసాపై వెళితే చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు పడొచ్చు. ఒప్పుకునేముందు ఆ మాట ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

ఆఫర్ లెటర్‌లో ఏం చూడాలి?

దీన్ని పెన్ను పట్టుకుని చదవాలి. "50 శాతం అపాయింట్‌మెంట్, నెలకు 2,200 డాలర్లు, 9 నెలలు, ట్యూషన్ మాఫీ" అని ఉందనుకుందాం.

50 శాతం అంటే సగం జీతం కాదు, వారానికి 20 గంటల పని. 25 శాతం అంటే 10 గంటలు. జీతం మొత్తం 19,800. ట్యూషన్ మాఫీ అన్నారు, ఫీజులు మాఫీ అనలేదు. టెక్నాలజీ ఫీజు, రవాణా ఫీజు, అంతర్జాతీయ విద్యార్థి ఫీజు, కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్ ఫీజు కలిపి సెమిస్టర్‌కు 900 అయితే ఏడాదికి 1,800 పోయింది. బీమా 3,000లో సగమే వాళ్లు కడితే 1,500 మీది. మిగిలింది 16,500. 9 నెలల జీతంతో 12 నెలలు బతకాలి కాబట్టి నెలకు 1,375, అదీ పన్ను తీయకముందు. ఆ ఊళ్లో పంచుకున్న గది అద్దె ఎంతో కనుక్కుని పక్కన రాసుకోండి. పెద్ద నగరంలో 35,000 స్టైపెండ్ కంటే చిన్న ఊళ్లో 26,000 హాయిగా ఉండటం ఇందుకే.

మాటలూ గమనించండి. "ఐదేళ్ల వరకు హామీ" వేరు, "నిధుల లభ్యతను బట్టి కొనసాగించవచ్చు" వేరు. రెండోది ఒక్క ఏడాది ఆఫర్ కిందే లెక్క. మాఫీ ఎన్ని క్రెడిట్లకు? వేసవికి ఏమైనా ఉందా? కొనసాగాలంటే ఎంత జీపీఏ ఉండాలి? చాలాచోట్ల 3.0. ఇవి లెటర్‌లో లేకపోతే కోఆర్డినేటర్‌కు మెయిల్ రాసి, జవాబు మెయిల్‌లోనే తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పినదానికి ఆధారం ఉండదు.

పూర్తి ట్యూషన్ మాఫీ కాకపోయినా ఫీజు తగ్గే దారులున్నాయా?

ఉన్నాయి, రాష్ట్రాన్ని బట్టి. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో కనీసం 1,000 డాలర్ల పోటీ స్కాలర్‌షిప్ వస్తే బయటి రాష్ట్రం వాళ్లకూ విదేశీయులకూ స్థానికుల ట్యూషన్ రేటు వర్తింపజేసే వీలు చట్టంలో ఉంది. డిగ్రీకి సంబంధించిన పనిలో సగం కాలం టీఏ, ఆర్‌ఏ చేసేవాళ్లకూ ఆ వీలుంది. అంటే వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ వల్ల అసలు ఆదా దానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. ప్రతి స్కాలర్‌షిప్పూ దీనికి లెక్కకు రాదు, మాఫీల సంఖ్యకూ పరిమితి ఉంటుంది. మీ స్కాలర్‌షిప్ దీని కిందకు వస్తుందో లేదో స్కాలర్‌షిప్ ఇచ్చిన ఆఫీసునే అడగండి.

సగం ఫండింగే వచ్చింది. ఐ-20కి ఏం చూపాలి?

తేడా చూపాలి. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రమే ఐ-20. ఐ-20లో ఏడాది ఖర్చు 52,000 అని ఉండి, అసిస్టెంట్‌షిప్ విలువ మాఫీతో కలిపి 38,000 అయితే మిగిలిన 14,000కు బ్యాంకు నిల్వ, లోను మంజూరు పత్రం లేదా స్పాన్సర్ అఫిడవిట్ ఇవ్వాలి. ఐ-20 వచ్చాక ఫండింగ్ వస్తే కొత్త ఐ-20 అడగండి. వీసా ఇంటర్వ్యూలో చేతిలోని కాగితమూ నోటి మాటా ఒకటిగా ఉండాలి.

వారానికి 20 గంటలకు మించి పని చేయొచ్చా?

తరగతులు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో అన్ని ఉద్యోగాలూ కలిపి 20 గంటలే. 50 శాతం ఆర్‌ఏ ఉంటే అక్కడితో సరి, శనివారం లైబ్రరీలో మూడు గంటలు కూడా కుదరదు. సెలవుల్లో, వేసవిలో పూర్తికాలం చేయొచ్చు. ఫెలోషిప్‌లో పని లేదు కాబట్టి అది ఈ 20లోకి రాదు, అయితే ఇతర ఉద్యోగం చేయొద్దని ఫెలోషిప్ షరతులోనే ఉండొచ్చు.

అనుమతి లేకుండా బయట, నగదు చేతికిచ్చే పనులు మాత్రం వద్దు. పెట్రోలు బంకులో ఆ నెల అద్దె దొరుకుతుంది, నిజమే. కానీ అది స్టేటస్ ఉల్లంఘన. ఏళ్ల తరబడి చదివిన చదువూ పెట్టిన డబ్బూ ఆ ఒక్క కారణంతో పోవచ్చు. ఇబ్బందుల్లో ఉంటే ముందు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు వెళ్లండి. అత్యవసర సహాయ నిధులు చాలా క్యాంపస్‌లలో ఉన్నాయి, ఊహించని ఆర్థిక కష్టానికి బయట పని చేసే అనుమతి కూడా ఎఫ్-1లో ఒక ఏడాది తర్వాత అడగొచ్చు.

మొదటి జీతం ఎప్పుడొస్తుంది?

ఆగస్టు మధ్యలో పని మొదలైతే మొదటి చెక్కు సెప్టెంబర్ చివర్లో రావడం మామూలే. ఈలోపు అద్దె, డిపాజిట్, ఫీజులు, పరుపు, వంటసామాన్లు అన్నీ కావాలి. పూర్తి ఫండింగ్ ఉన్నవాళ్లు కూడా రెండు నెలల ఖర్చు వెంట తీసుకెళ్లాలి.

జీతానికీ పన్నుకూ వాడే సోషల్ సెక్యూరిటీ నంబర్‌కు యూనివర్సిటీ ఉద్యోగ లేఖ, అంతర్జాతీయ ఆఫీసు లేఖ, ఐ-20, పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) కావాలి. దిగిన మర్నాడే పరుగెత్తితే మీ వివరాలు సోషల్ సెక్యూరిటీ ఆఫీసు కంప్యూటర్‌లోకి ఇంకా ఎక్కవు. పది రోజులు ఆగి వెళ్లడం మేలు. నంబరు వచ్చేవరకూ పని ఆపనక్కర్లేదు, కానీ పని చేసే అర్హతను చూపే ఐ-9 ఫారం పని మొదలైన మూడు పనిదినాల్లో పూర్తి కావాలి.

స్టైపెండ్‌పై పన్ను ఉంటుందా?

ఉంటుంది. మాఫీ అయిన ట్యూషన్ మీద సాధారణంగా ఉండదు, చేతికొచ్చే స్టైపెండ్ మీద ఉంటుంది.

భారతదేశం నుంచి వెళ్లినవాళ్లకు పెద్ద వెసులుబాటు ఒకటుంది, చాలామంది వాడుకోరు. పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్లుగా ఉండే విదేశీయులకు మామూలుగా స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని నిర్ణీత మొత్తం) దొరకదు. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని ఆర్టికల్ 21(2) కింద భారతీయ విద్యార్థులకు దొరుకుతుంది. 2025 ఆదాయానికి అది ఒంటరి వ్యక్తికి 15,750 డాలర్లు. స్టైపెండ్ 30,000 అయితే పన్ను పడేది 14,250 మీదే, ఫెడరల్ పన్ను సుమారు 1,470. ఆ డిడక్షన్ తీసుకోకపోతే సుమారు 3,360. ఒక్క గడి నింపనందుకు 1,890 డాలర్లు పోతాయి. నాన్‌రెసిడెంట్ల పన్ను రిటర్న్ ఫారం 1040-ఎన్ఆర్ నింపేటప్పుడు ఆ ఆర్టికల్ పేర్కొనండి. ఉద్యోగంలో చేరేటప్పుడు జీతంలోంచి ఎంత పన్ను కోయాలో చెప్పే డబ్ల్యూ-4 ఫారాన్ని నాన్‌రెసిడెంట్ల సూచనలు చూసి నింపండి.

సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద పట్టే 7.65 శాతం ఎఫ్-1 విద్యార్థులకు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు వర్తించదు. డిసెంబర్ 28న దిగినా ఆ ఏడాది ఒకటిగా లెక్క. పే స్లిప్‌లో ఆ కోత కనబడితే పేరోల్‌కు చెప్పి వెనక్కి తీసుకోండి.

ఫెలోషిప్ అయితే జీతం వివరాల కాగితం డబ్ల్యూ-2 రాదు, 1042-ఎస్ అనే కాగితం వస్తుంది. ఎఫ్-1 వాళ్లకు పన్ను పడే భాగంలో 14 శాతం ముందే పట్టుకుంటారు. ఆ కాగితం మార్చిలో వస్తుంది కాబట్టి ఫిబ్రవరిలోనే రిటర్న్ వేసేయకండి. ఆదాయం ఏమీ లేకపోయినా ఫారం 8843 పంపాలి. రాష్ట్ర పన్ను వేరు. టెక్సస్, ఫ్లోరిడాలో జీతంపై రాష్ట్ర పన్ను లేదు.

వేసవి ఇంటర్న్‌షిప్‌ను ఫండింగ్ కింద లెక్కేయొచ్చా?

ఎంఎస్ వాళ్లకు చాలాసార్లు అసలు ఫండింగ్ అదే. సీపీటీ (చదువులో భాగంగా బయట పని చేసే) అనుమతితో, సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాక చేయొచ్చు. అనుమతి ఐ-20 మీద అచ్చయి వచ్చాకే పనిలో దిగాలి. పూర్తికాలపు సీపీటీ 12 నెలలకు చేరితే ఆ డిగ్రీపై ఓపీటీ (చదువయ్యాక పని చేసే అనుమతి) పోతుంది. పదకొండు నెలలు దాటాక తేదీలు కాగితంపై రాసి లెక్కపెట్టుకోండి. ఆర్‌ఏ ఇచ్చిన ప్రొఫెసర్ వేసవిలో మీరు ల్యాబ్‌లో ఉంటారనుకుంటారు, ఇంటర్న్‌షిప్ ఆలోచన ఉంటే జనవరిలోనే చెప్పండి.

మధ్యలో ఫండింగ్ ఆగిపోతే?

గ్రాంటు ముగియడం, ప్రొఫెసర్ వేరే యూనివర్సిటీకి మారడం, జీపీఏ పడిపోవడం మామూలు కారణాలు. 2025 తర్వాత ఇంకొకటి చేరింది: ఫెడరల్ గ్రాంట్లు కొన్ని రద్దయ్యాయి, ఓవర్‌హెడ్ రేట్లపై వివాదం కోర్టులకెక్కింది, కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. ఏ మంచి ల్యాబ్‌లో ఉన్నా ఏటా ఒకసారి, సెమిస్టర్ మొదట్లో, "ఈ గ్రాంటు ఎప్పటి వరకు ఉంది, ఆ తర్వాత ఏం అనుకుంటున్నారు" అని ప్రొఫెసర్‌ను అడగండి. ఇది తప్పుడు ప్రశ్న కాదు, ఆయన కూడా దాని గురించే ఆలోచిస్తుంటారు.

ఆగిపోతుందని తెలిసిన రోజే గ్రాడ్యుయేట్ డైరెక్టర్‌ను కలవండి. వచ్చే సెమిస్టర్ టీఏ జాబితా రెండు మూడు నెలల ముందే ఖరారవుతుంది, ఆలస్యమైతే ఆ తలుపు మూసుకుంటుంది. కమిటీలోని ఇతర ప్రొఫెసర్లు చాలాసార్లు ఒక సెమిస్టర్‌కు సర్దుతారు.

పీహెచ్‌డీలో చేరి, ఎంఎస్ తీసుకుని బయటికి రావచ్చా?

నిబంధనల ప్రకారం చాలాచోట్ల కుదురుతుంది. పరిశోధన పడకో, ఇంటి పరిస్థితుల వల్లో బయటికి రావడంలో తప్పేమీ లేదు. కానీ మొదటి రోజు నుంచే అదే ఉద్దేశంతో చేరడాన్ని మేం సమర్థించం. పైన వేసిన లెక్క చూడండి: రెండేళ్లకు ఒక ప్రొఫెసర్ లక్షన్నర డాలర్లు మీ మీద పెడతారు. అలా ఒకరు వెళ్లాక ఆ ల్యాబ్ తలుపు మీ కాలేజీ నుంచి వచ్చే తర్వాతి విద్యార్థికి తెరుచుకోవడం కష్టం.

ఎడ్యుకేషన్ లోన్ ఎంతవరకు సబబు?

ఎఫ్-1 వాళ్లకు అమెరికా ప్రభుత్వ లోన్లు లేవు. భారతీయ బ్యాంకు, లేదా హామీదారు లేకుండా ఇచ్చే ప్రైవేటు సంస్థలు. రెండో రకంలో వడ్డీ రేటు, ప్రాసెసింగ్ ఫీజు కలిపి చూడండి. రూపాయల్లో లోను తీసుకుని డాలర్లలో ఫీజు కడతారు. నాలుగు సెమిస్టర్ల ఫీజులో చివరిది ఇవాళ్టి మారకం రేటుకు రాదు, మంజూరు మొత్తంలో కొంత వెసులుబాటు ఉంచుకోండి. చదువుతుండగా వడ్డీ కట్టగలిగితే కట్టేయండి, చివర్లో అసలు మీద కలవదు. సెక్షన్ 80ఈ కింద కట్టిన వడ్డీకి ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉంది, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే.

కన్సల్టెన్సీ వాళ్లు డబ్బు తీసుకుని ఆర్‌ఏ ఇప్పిస్తామంటున్నారు. నమ్మొచ్చా?

వద్దు. ఆర్‌ఏ ఇచ్చేది ప్రొఫెసర్, టీఏ ఇచ్చేది డిపార్ట్‌మెంట్. మధ్యలో ఇంకెవరి సంతకమూ ఉండదు. ఆఫర్ నిజమైతే యూనివర్సిటీ మెయిల్ చిరునామా నుంచి, గంటలు, జీతం, తేదీలు, పర్యవేక్షకుడి పేరుతో వస్తుంది. అనుమానం ఉంటే ఆ లెటర్‌లోని నంబరుకు కాదు, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉన్న డిపార్ట్‌మెంట్ నంబరుకు ఫోన్ చేసి అడగండి.